మావయ్యగారి మానిటర్, నా ఆట

మొన్న ఆదివారం ఆటలో ఎవరు గెలిచారని మా ఇంట్లో ఎవర్నడిగినా మా అన్నయ్య పేరే చెబుతారు. నమ్మకండి. గెలిచింది నేను. అయినా వారం రోజులుగా ఓడిపోయినదానిలా తలొంచుకుని తిరుగుతున్నా. ఎందుకో చెబుతా, ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతోంది.

మాది ప్రత్తిపాడు పక్కన ఊరు. ముందు గదిలో లేడీస్ టైలరింగ్ నాది, మిరప చేను మా ఆయనది, కోసి ఎండబెట్టిన కాయల మీద కాపలా మా మావయ్యగారిది. నా కుట్టుమిషను పక్కనే బీరువా అంత ఎత్తున ఒక పాత వీడియో గేమ్ మిషను ఉంటుంది. నిలబడి ఆడతారు చూడండి, హ్యాండిలూ బటన్లూ ఉండి, అదన్నమాట. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దాన్ని ఏటీఎం అనుకుంటారు. ఒకావిడైతే కార్డు కూడా బయటికి తీసింది.

నేను పుట్టి పెరిగింది పర్చూరులో. మా స్కూలు దగ్గర వీడియో గేమ్స్ షాపు ఉండేది. స్కూలు వదలగానే అన్నయ్య లోపలికెళ్లి విమానాల ఆట ఆడేవాడు. నేను బయట రెండు బ్యాగులూ పట్టుకుని నిలబడేదాన్ని. ఆడపిల్లలు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, కానీ రాకూడదంతే. ఇంటికెళ్లే దారి పొడవునా వాడు ఒకటే కోతలు. "ఇవాళ పన్నెండో స్టేజీ కొట్టా. అది మీ ఆడపిల్లల వల్ల కాదులేవే." ముప్పయ్యేళ్లయినా ఆ మాట నాకు అరగలేదు. పోయిన నెల ఆ షాపాయన గోడౌన్ ఖాళీ చేస్తున్నాడని తెలిసి, మా ఆయన ప్రాణం తీసి, పత్తి బోరాల ట్రాక్టర్ మీద ఆ మిషనే తెప్పించుకున్నా.

నెల రోజులు ప్రాక్టీసు చేశా. అరచేతిలో కాయలు కాశాయి. చేయి తిరిగాక అన్నయ్యకి ఫోన్ చేసి, "ఆదివారం రా, ఎవరి వల్ల అవుతుందో తేల్చుకుందాం" అన్నా. వాడిప్పుడు మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం.

"వస్తా. వంట పొద్దున్నే చేసి పెట్టుకో. ఓడిపోయాక నీకు వండే ఓపిక ఉండదు" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆడుతుంటే బొమ్మ మధ్యకి ముడుచుకుపోయి, ఒక తెల్ల గీతయి, పోయింది. చప్పుడు మాత్రం వస్తోంది. నాకు ఏడుపొచ్చింది. వాయిదా వేద్దామంటే "ఓడిపోతానని మిషను పాడు చేసుకున్నావా" అంటాడు వాడు. అంటాడేమిటి, జన్మంతా అంటాడు. కాబట్టి ఆదివారానికి ఇది పలకాల్సిందే అని పైట బిగించా.

ప్రత్తిపాడు నుంచి టీవీ మెకానిక్ బాషాగారిని పిలిపించా. ఆయన వెనక తలుపు తీసి చూసి పెదవి విరిచారు.

"పిక్చర్ ట్యూబ్ పోయిందమ్మా. ఇది ఇప్పుడు దొరకదు. నేనే ట్యూబుల పని మానేసి చాలా ఏళ్లయింది."

"కొత్తరకం మానిటర్ పెట్టలేమా?"

"పెట్టొచ్చు. సిగ్నల్ మార్చే చిన్న బోర్డు నా దగ్గరుంది. కానీ నలుపలకగా ఉండే పాత మానిటర్ కావాలి. ఇప్పటి వెడల్పువి ఈ కంతలో పట్టవు."

సరేనని స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే ట్యూబు విప్పబోయా. ఆయన అడ్డం వచ్చేశారు. "ప్లగ్గు పీకేసినా ఆ ట్యూబులో కరెంటు నిలవుంటుందమ్మా. దాని జోలికి మీరు వెళ్లొద్దు. అది తీసిచ్చి వెళతా, మిగతాది మీ ఇష్టం." తీసిచ్చారు. మిగతాది నా ఇష్టం అన్న మాట నేను సీరియస్‌గా తీసుకున్నా.

గుంటూరులో నాలుగు షాపులకి ఫోన్ చేశా. నలుపలక మానిటర్ ఎక్కడా లేదు. గురువారం పొద్దున మావయ్యగారికి కాఫీ ఇవ్వడానికి ఆయన గదిలోకి వెళ్తే, ఎదురుగా ఉంది. సీసీ కెమెరా మానిటర్.

మా కల్లం రోడ్డుకి అవతల ఉంది. ఈ నెలంతా అక్కడ మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో మావయ్యగారు అక్కడికి తిరగలేకపోతుంటే మా ఆయన కెమెరా పెట్టించాడు. పొద్దున లేచింది మొదలు ఆయన ఆ తెర ముందే. ఫోన్లో కూడా కనపడుతుందని చెబితే, "ఫోన్లో మిరపకాయ చీమంత ఉంటుంది, ఏం చూస్తాం" అంటారు.

"మావయ్యగారూ, మీ మానిటర్ ఆదివారం వరకు నా మిషనులో పెట్టుకుంటానండీ."

"మరి కాయలెవరు చూస్తారమ్మాయ్?"

"మీరే చూద్దురుగాని. బాషాగారు ఒక బటన్ బిగిస్తారు. ఒకసారి నొక్కితే కల్లం, ఇంకోసారి నొక్కితే ఆట."

"బటన్ ఎవరి దగ్గరుంటుంది?"

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. మానిటర్ చేతిలో పడితే చాలన్న ఆత్రంలో, "మీ దగ్గరేనండీ" అనేశా.

ఇక బిగింపు. టైలర్ని కదా, కంతని టేపుతో కొలిచి, మానిటర్ని నిలబెట్టే చెక్క మీద సుద్దతో గీసి, అలవాటు కొద్దీ నాలుగు వైపులా అంగుళం మార్జిన్ వదిలి వడ్రంగికిచ్చా. "ఈ అంగుళం ఎందుకమ్మా?" అన్నాడు. "లోపలికి మడవడానికి" అన్నా. ఆయన నా మొహం చూశాడు, చెక్కని చూశాడు, గీసినట్టే కోసిచ్చాడు. ఇంటికి తెచ్చి పెడితే పట్టలేదు. మడుద్దామంటే చెక్క మడత పడదని అప్పుడు వెలిగింది. మళ్లీ తీసుకెళ్తే ఆయన మాట్లాడకుండా నాలుగు వైపులా తీసేసిచ్చాడు. ఒక మాట అన్నా బాగుండేది.

మానిటర్ని చెక్కకి బిగిద్దామంటే స్క్రూలు కలవలేదు. నేను ఆగుతానా? చెక్క చుట్టూ కన్నాలు పొడిపించి, మిరపకాయల బస్తాలు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని, మానిటర్ అంచుల మీంచి బిగించి కుట్టిపారేశా. బాషాగారు వచ్చి వైర్లు కలిపి, కుట్టు చూసి, "నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదమ్మా" అన్నారు. మెచ్చుకోలనే తీసుకున్నా. స్విచ్ వేస్తే ఆట వచ్చింది. తలకిందులుగా వచ్చింది. మానిటర్నే తిరగేసి కుట్టానన్నమాట. పోనీలెండి, కుట్లు విప్పడం నాకు కొత్తేం కాదు. శనివారం మధ్యాహ్నానికి బొమ్మ నిటారుగా నిలబడింది. మావయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మిషను పక్కనే వేసుకుని, బటన్ ఒళ్లో పెట్టుకున్నారు.

ఆదివారం అన్నయ్య ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో దిగాడు. భోజనాలయ్యాయి. మనిషికి ఒక్క ఆట, మూడేసి లైఫులు, ఎవరి స్కోరు ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ముందు అన్నయ్య ఆడాడు.

నా చూపు ఆట మీద లేదు, మావయ్యగారి వేలు మీదే ఉంది. నొక్కుతారు, ఇప్పుడు నొక్కుతారు అనుకుంటున్నా. ఆయన ఒకసారి నొక్కబోయి, ఆగి, "ఆడు బాబూ, ఆడు" అన్నారు. కోడలి పుట్టింటివాళ్లు కదా. ఇంటికొచ్చిన అబ్బాయి ఆడుకుంటుంటే మధ్యలో నొక్కితే మర్యాదగా ఉండదని ఆయన ఉద్దేశం. పావుగంట సేపు ఓర్చుకున్నారు. మంచినీళ్లు అడిగి తాగారు, కుర్చీలో అటూ ఇటూ కదిలారు, కిటికీలోంచి రోడ్డు వైపు మెడ సాచారు. బటన్ మాత్రం నొక్కలేదు. అన్నయ్య ఎనభై ఆరు వేల నాలుగొందలు కొట్టి చేతులు దులుపుకున్నాడు.

నా వంతొచ్చింది. పది సెకన్లు ఆడానో లేదో, టక్. తెర నిండా మిరపకాయలు.

"మావయ్యగారూ..."

"ఒక్కసారి చూసుకుంటానమ్మా."

టక్. ఆట. ఇంకో పావు నిమిషం. టక్. మళ్లీ మిరపకాయలు. అన్నయ్య ఆడినంతసేపూ బిగబట్టుకున్నదంతా నా ఆటలో తీర్చుకుంటున్నారాయన. మొదటి లైఫ్ పోయింది. అన్నయ్య నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. నేను కిక్కురుమనలేను. పంతొమ్మిదేళ్లలో మావయ్యగారి ముందు గొంతు పెంచింది లేదు, ఇప్పుడు అన్నయ్య ముందు పెంచితే ఇంకేమన్నా ఉందా? మా ఆయన వంక చూస్తే, ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు.

కోపం నషాళానికంటింది. సరే, కళ్లు లేకపోతే చెవులున్నాయి అనుకున్నా. ఏ విమానం ఏ చప్పుడుతో వస్తుందో చిన్నప్పుడు షాపు కర్టెన్ బయట నిలబడి వినీ వినీ నాకు కంఠతా వచ్చు. తెర మీద మిరపకాయలున్నప్పుడు చెవులతో, ఆట ఉన్నప్పుడు కళ్లతో ఆడా. యాభై వేలు దాటింది. రెండో లైఫ్ పోయింది. డెబ్భై దాటింది. అన్నయ్య నవ్వు ఆపి ముందుకి జరిగాడు. ఎనభై వేలు.

టక్.

ఈసారి తెర మీద నల్లవీ తెల్లవీ ఏవో బారుగా దిగుతున్నాయి. ఎప్పుడూ చూడని స్టేజీ. కొత్తరకం శత్రువులొచ్చారనుకుని ఫైరింగ్ బటన్ దంచి పారేశా. ఎంత కాల్చినా ఒక్కటీ చావదు. పైగా ఒకటి ఆగి తోక ఊపింది.

"అమ్మాయ్," అన్నారు మావయ్యగారు, "అవి మేకలు."

అంతే, కుర్చీ అటు పడింది, బటన్ ఇటు పడింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి అందరికంటే ముందు గుమ్మం దాటారు. వెనకాల మా ఆయన, ఆయన వెనకాల తెల్ల చొక్కాతో అన్నయ్య. నేనూ కదిలాను. అబద్ధం చెప్పను, హ్యాండిల్ వదిలేసి గుమ్మం దాకా వెళ్లా. కానీ వెనకనుంచి నా విమానం ఇంకా బతికే ఉన్న చప్పుడు వినిపించింది. మేకల మీద నేను పేల్చిన గుళ్లన్నీ అక్కడ ఆటలో పనికొచ్చాయన్నమాట. నాలుగు మేకలకి ముగ్గురు మగవాళ్లు చాలరా అనుకున్నా. వెనక్కొచ్చి, కింద పడ్డ బటన్ తీసి నొక్కి, తలుపు దగ్గరగా వేసి, హ్యాండిల్ పట్టుకున్నా.

మధ్యలో నొక్కేవాళ్లు లేకపోతే ఆ ఆట ఎంత బాగుంటుందో. ఎనభై ఆరు దాటింది. తొంభై దాటింది. తొంభై ఒక్క వేల రెండొందల యాభై దగ్గర నా ఆఖరి లైఫ్ పోయింది.

"గెలిచాను" అని అరిచా. ఇంట్లో పిల్లి కూడా లేదు. వీళ్లేమయ్యారో చూద్దామని బటన్ నొక్కా. తెర మీద కల్లం. మావయ్యగారు ఒక వైపు, మా ఆయన ఒక వైపు, అన్నయ్య ఒక వైపు నిలబడి, ముగ్గురూ కెమెరా వంక చూస్తూ రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్య కూడా ఊపుతున్నాడు, పాపం, ఓటమి ఒప్పుకున్నాడు అనుకున్నా. నేనూ రెండు చేతులూ ఎత్తి ఊపా. వాళ్లు ఇంకా గట్టిగా ఊపారు. నేనూ ఇంకా గట్టిగా ఊపి, తొమ్మిది వేళ్లు ఒకసారి, ఒక వేలు ఒకసారి చూపించా. కెమెరా అక్కడుంది, నేనిక్కడున్నాను అన్న సంగతి ఆ ఆనందంలో తట్టలేదు.

చాలాసేపటికి ముగ్గురూ తిరిగొచ్చారు. అన్నయ్య చొక్కా ఎర్రగా ఉంది, కళ్లు అంతకంటే ఎర్రగా ఉన్నాయి. మిరపకాయలు తొక్కిన ఘాటుకి తుమ్ము మీద తుమ్ము.

"ఎంతసేపు పిలిచామమ్మాయ్," అన్నారు మావయ్యగారు ఆయాసపడుతూ. "కల్లానికి నాలుగు వైపులు. మేం ముగ్గురం. ఇటునుంచి తోలితే ఖాళీగా ఉన్న వైపు తిరిగి మళ్లీ కాయలెక్కుతున్నాయి. ఆ నాలుగో వైపు నువ్వొచ్చి నిలబడతావని చేతులు పడిపోయేలా పిలిచాం."

"నేను... గెలిచాను మావయ్యగారూ."

"ఏదీ?" అన్నాడు అన్నయ్య తుమ్ముల మధ్య. బటన్ నొక్కి ఆట పెడితే తెర మీద స్కోరు లేదు. పాత మిషను, ఆట అయిపోయిన కాసేపటికి తుడిచేస్తుంది. "ఎవరు చూశారే?"

ఎవరూ చూళ్లేదు. మావయ్యగారు కుర్చీ ఎత్తి వేసుకుని కూర్చుని, బటన్ ఒళ్లో పెట్టుకుని తీర్పు చెప్పారు. "అబ్బాయి ఆట అందరం కళ్లారా చూశాం. నీది చూడలేదు. ఇంటికొచ్చినవాణ్ణి మేకల వెంట పరుగెత్తించాం, కనీసం గెలిచాడనైనా అనాలి కదమ్మా." అన్నయ్య ఆ ఎర్రకళ్లతోనే నా వంక చూసి మీసం మెలేశాడు. మర్నాడంతా నేను కల్లంలో కూర్చుని మిరపకాయల్లోంచి మేక పెంటికలు ఏరుతూనే ఉన్నా.

అదన్నా సర్దుకునేదాన్ని. మా ఆయన సీసీ కెమెరా రికార్డింగు తీసి, పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ అందరూ ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మూడు వైపులా ముగ్గురు మనుషులు చేతులు ఊపుతుంటారు, మధ్యలో మేకలు తీరిగ్గా చుట్లు కొడుతుంటాయి, నాలుగో వైపు ఖాళీ. నేను గెలిచినదానికి ఎక్కడా సాక్ష్యం లేదండీ. రానిదానికి మాత్రం నాలుగు నిమిషాల వీడియో ఉంది, పై మూలన తేదీ, టైముతో సహా.