పరవాడ జట్టు కోసం చప్పట్లు

మా క్లబ్బు ఏనాడూ కప్పు గెలవలేదు. తాతల కాలంలో పోర్టు కళాసీలు పెట్టిన ఫుట్‌బాల్ జట్టు అది. లీగ్ పట్టికలో ఎప్పుడు చూసినా కింద నుంచే వెతుక్కోవాలి. అయితే మొదటి డివిజన్ నుంచి మాత్రం ఒక్కసారీ దిగలేదు. మాకున్న పరువల్లా అదే. దిగిపోతే కుర్రాళ్లు వేరే జట్లకు వెళ్లిపోతారు, క్లబ్బు మూతపడుతుంది. మేనేజర్ని నేను, కెప్టెన్ మా అక్క మొగుడు.

పోయిన సీజన్లో మేం గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ పరవాడ జట్టు మీద. చివరి రెండు జట్లు దిగిపోవాలి. పరవాడ ఎలాగూ ఆఖరు. ఆ ఒక్క గెలుపు పుణ్యమా అని మేం ఇంకో జట్టుకు పైన నిలిచాం. హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకున్నామో లేదో, పరవాడ జట్టు ఒక మ్యాచ్‌కు రాలేదని తెలిసింది. వాళ్లకింక మిగిలింది ఒక్క మ్యాచ్. అది కూడా ఎగ్గొడితే ఆ జట్టును లీగ్ నుంచి తీసేస్తారు. తీసేస్తే వాళ్లతో ఎవరాడిన మ్యాచ్‌లైనా లెక్కలోకి రావు. మా కింద జట్టు పరవాడ చేతిలో ఓడిపోయింది కాబట్టి దానికి పోయేదేం లేదు. మాకున్న ఒక్క గెలుపూ పోయి, దాని కిందికి మేం జారతాం. గెలిచిన పాపానికి మునిగేది మేమే! ఇదేం న్యాయమని లీగ్ ఆఫీసులో గొంతు చించుకుని అరిచాను. రూలు రూలే అన్నారు.

బండేసుకుని నేనూ బావా పరవాడ వెళ్లాం. వాళ్ల కెప్టెన్ మందుల కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర దొరికాడు.

"ఏటి సెయ్యమంటావు బావా?" అన్నాడతను మా బావతో. "మావోళ్లందరికీ సిఫ్టులు మార్చీసేరు. మహా అయితే ఏడుగురు వత్తారు."

"ఏడుగురు సాలు. ఆట మొదలెట్టి ఆకరి దాకా నిలబడండి, అంతే," అన్నాడు మా బావ.

ఏడుగురికి ఒక్కడు తగ్గినా రిఫరీ ఆట ఆపేస్తాడు. అది కూడా ఎగ్గొట్టినట్టే లెక్క.

మ్యాచ్ రోజు వాళ్లను మేమే ఆటోలో ఎక్కించుకొచ్చాం. ఎదుట పదకొండు మంది, అదీ టాప్ జట్టు. మా క్లబ్బు మొత్తం గట్టు మీద కూర్చుని, మేం ఓడించిన పరవాడ జట్టుకే చప్పట్లు కొట్టాం. పరవాడకు గోల్ పడినా మాకు సంతోషమే, మళ్లీ సెంటర్ నుంచి మొదలెట్టేలోపు కొంత టైం గడుస్తుంది కదా. మా కుర్రాళ్లు పగలబడి నవ్వుతున్నారు. నేను మాత్రం నిమిషాలు లెక్కపెడుతున్నాను.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా పరవాడ కెప్టెన్ కూలబడ్డాడు. ఎవరూ తగల్లేదు. వట్టి నేల మీద కాలు మడతపడింది, అంతే.

"లెగు! లెగు బాబూ!" అని అరిచాను. సింహాద్రి అప్పన్నా, వీణ్ణి లేపు తండ్రీ అని మొక్కుకున్నాను. అతడి నొప్పి గురించి ఆ క్షణాన నాకు ఆలోచనే లేదు.

గట్టు మీద పరవాడ వాళ్లెవరూ లేరు, రిఫరీ పిలిస్తే నేనూ బావా లోపలికి పరిగెత్తాం. చీలమండ అప్పటికే ఉబ్బిపోయింది.

"గట్టిగా కట్టీ బావా. నాను ఆడను, నించుంటాను. నించుంటే సాలు గదా," అన్నాడతను. మా భుజాలు పట్టుకుని లేచాడు. పాదం నేలకు ఆనగానే కెవ్వుమన్నాడు. అయినా మళ్లీ మోపబోయాడు.

బావ నా మొహంలోకి చూశాడు. నిలబడమని చెప్పడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు.

"కూకో," అన్నాడు బావ. "రేపు డూటీకెల్లాల నువ్వు." కూర్చోబెట్టి, అతడి బూటు లేసు తనే విప్పాడు.

మిగిలింది ఆరుగురే. రిఫరీ వాచీ చూసుకుని, ఆట ఆపేస్తూ విజిల్ ఊదేశాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే కోసం బల్ల మీద కూర్చున్నాం. సాయంత్రానికల్లా కొత్త పట్టిక ఫోన్‌కు వచ్చింది. పరవాడ పేరు లేదు, ఆఖరున మేమున్నాం. మా పేరు ఎదురుగా గెలుపుల కింద సున్నా. బావకు చూపించాను. చాలాసేపు చూసి, ఫోన్ నాకిచ్చేసి, పక్కనున్న పరవాడ కెప్టెన్ వైపు తిరిగాడు.

"ఆ రోజు మీ మీద మేం గెలిసేం గదా?"

"గెలవడమేటి బావా, మమ్మల్ని ఉతికి ఆరేసేరు," అన్నాడతను నొప్పికి పళ్లు బిగబట్టి.

అంతే, బావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, అందరి ముందూ భోరున ఏడ్చేశాడు. పరవాడ కెప్టెన్ అతడి వీపు మీద చెయ్యి వేశాడు.