కారు అద్దాలకు కంబళ్లు

కారు కిటికీలకు తెరలు కట్టుకోవడం చట్టం ఒప్పుకుంటుందా, ఒప్పుకోదా? యాభైలలో మద్రాసులో ఈ మాట అడిగితే ఎంతమంది ఉంటే అన్ని తీర్పులు వచ్చేవి. ఘోషా కుటుంబాల కార్లకు పట్టు తెరలు వేలాడేవి, ఎవరూ ఆపేవారు కాదు. పెళ్లికార్లకు అద్దం కనబడనంతగా పూలు కట్టేవారు, పోలీసే దారి ఇప్పించేవాడు. మా అమ్మ కట్టిన కంబళ్లను చూశాక మాత్రం పోలీసులకు చట్టం గుర్తొచ్చింది.

అప్పుడు నేను రాయపురంలో ట్యాక్సీ నడిపేవాణ్ణి. కారు నాది కాదు. హారన్ మోగలేదని అప్పటికే నా మీద ఒక కేసు పడింది. "ఇంకొక కేసు వచ్చిందంటే తాళంచెవి ఈడ పెట్టేసి ఇంటికి పో" అన్నాడు ఓనరు. మా ఇల్లంతా ఆ తాళంచెవి మీదే నడుస్తోంది.

ఆ వేసవిలోనే మా చెల్లెలికి రాయపురం ఆసుపత్రిలో తొలికాన్పు అయింది. ఆడపిల్ల. తల్లినీ బిడ్డనూ తిరువొత్తియూరులో మా ఇంటికి తీసుకుపోవాలి. ఆ ఎండ సంగతి ఏం చెప్పను! రేవులో దించిన చేపలు బుట్టలోనే వేగిపోయేవి. కొన్నవాళ్లు ఉప్పూ కారం చల్లుకుని అక్కడే తినేసేవారు. నమ్మకపోతే మీ ఇష్టం.

అమ్మ ఇంట్లో ఉన్న కంబళ్లూ పాత చీరలూ మోసుకుని వచ్చింది.

"బాలింతకు గాలి తగిలితే ఇంకేమన్నా ఉండాదా? అన్నీ మూసెయ్యి."

"అద్దాలు ఎత్తితే చాలు కదమ్మా."

"నీ కారులో సందు లేని చోటు ఏడుందో చూపించు, చూస్తా."

"పోలీసు పట్టుకుంటాడే" అన్నాను.

"ఎందుకు పట్టుకుంటాడు? వాణ్ణి కన్నది బాలింత కాదా?"

వెనక అద్దం, పక్క అద్దాలు చీకటైపోయాయి. నా కిటికీకి కూడా చీర కట్టింది. మలుపు తిరిగేటప్పుడు చెయ్యి బయటపెట్టి చూపించాలే అంటే, చీర మధ్యలో చెయ్యి పట్టేంత చింపి, "ఇంద, చూపించుకో" అంది. ముందు అద్దం వదిలిపెట్టమని కాళ్లావేళ్లా పడాల్సి వచ్చింది.

తండయారుపేట మలుపులో చీరలోంచి నా చెయ్యి బయటికి రావడం, ఎర్ర తలపాగా కానిస్టేబుల్ ఈల వెయ్యడం ఒకేసారి జరిగాయి.

"యోవ్, నిల్లుయ్యా! ఎన్నయ్యా ఇదు?"

అవి మద్యనిషేధం రోజులు. మా వైపు అద్దాలు మూసుకుని పోయే కారంటే లోపల సారాయి ఉన్నట్టే లెక్క. బండి ఆపించి, ఇదేంటి, లోపల ఏం సరుకుందని అతను అరవంలో గద్దించాడు.

"సరుకంట, సరుకు! నా మనవరాలురా నాయనా" అని లోపలినుంచి అమ్మ కేక.

అతనూ తెలుగులోకి దిగాడు. "మనోళ్లేనా? సరే, తెర తియ్యమ్మా. చూసి పంపించేస్తా."

"తియ్యను. గాలి కొడతాది. చూడాలంటే నువ్వే లోపలికి రా. వచ్చి బిరిక్కిన తలుపు మూసుకో."

అతను నిజంగానే ఎక్కాడు. తలుపు మూసుకుంది. అమ్మ గొంతొక్కటే వినబడుతోంది. "సీటు కింద చూసుకో. ఆ బుట్టలో సొంఠి, వెల్లుల్లి. ఆ మూట విప్పబాకు, అది బిడ్డ."

దిగిన మనిషి తలపాగా పిండితే బిందె నిండేది. కాసేపు ఊపిరి కూడదీసుకుని అన్నాడు: "చట్టంలో ఏముందో స్టేషన్లో చూసుకుంటా గానీ, ఈ పొయ్యిలో బిడ్డ బతుకుతుందామ్మా? అన్నీ ఈడనే తియ్యి. లేదంటే నీ కొడుకు మీద కేసు రాస్తా." జేబులోంచి కేసుల పుస్తకం తీశాడు.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ ఎండలో నా ఒంట్లో చల్లబడ్డవి అవే. "అమ్మా, కేసు పడితే కారు పోతుందే" అన్నాను.

అమ్మ నన్ను చూసింది, చెల్లెల్ని చూసింది. కంబళి కొస పట్టుకుంది గానీ లాగలేకపోయింది.

చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్న చెల్లెలు చెయ్యి చాచి తన పక్క కంబళి లాగేసింది. అద్దం కూడా దించేసింది.

"అన్న పని పోతే నాకు పథ్యం ఎవరు పెడతారు? గాలి ఏం చేస్తుందో చేసుకోనీ."

సముద్రపు గాలి లోపలికి వచ్చింది. పసిది ముక్కు చిట్లించి, ఆవులించి, మళ్లీ నిద్రపోయింది. కానిస్టేబుల్ పుస్తకం జేబులో పెట్టుకుని, మిగతా కంబళ్లు తనే విప్పి అమ్మకు అందించాడు. తెరలు ఒప్పో తప్పో అతనికీ తెలియదని ఇప్పుడు అనిపిస్తుంది.

అమ్మ కొంగుతో పసిదాని చెవులు కప్పి, కొత్త ఆజ్ఞ వేసింది. "కారు పరిగెత్తితేనే కదా గాలి? మెల్లిగా పోనీ."

జట్కా మమ్మల్ని దాటిపోయింది. మంచినీళ్ల కావడివాడు దాటిపోయి, వెనక్కి తిరిగి బండి చెడిందా అని అడిగాడు. చెల్లెలు కిటికీకి చెంప ఆనించి సముద్రం చూస్తూ నవ్వుకుంటోంది. ఆ దారిలో అప్పుడు సముద్రం ఎంతో దగ్గరగా కనబడేది. అంత నింపాదిగా దాన్ని చూసే వీలు నాకు మళ్లీ దొరకలేదు.

"ఇంకా మెల్లిగారా అబ్బయ్యా," వెనకనుంచి అమ్మ, "బిడ్డ వెంట్రుకలు కదలతా ఉండాయి."