నా పెనిమిటి పేరు తిరిగి రాయించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! పదిమంది ముందు నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు, కుళాయి దగ్గర దెబ్బలాడమంటే మాత్రం ఇప్పటికీ వెనకాడను, ఆ సంగతి ఈ సంఘంలో చాలామందికి అనుభవమే. అయినా దేవుడు నాకు చేసిన మేలును ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని తిరిగాను, ఇక దాచుకోలేక ఈ రోజు లేచాను. నా పేరు పైడమ్మ. బాప్తిస్మం తీసుకున్నప్పుడు వేరే పేరు పెట్టుకోమని కొందరు చెప్పారు గానీ, మా పాస్టరుగారు, ‘దేవుడు నిన్ను ఆ పేరుతోనే పిలిచాడమ్మా’ అన్నారు, అందుకని అలాగే ఉండిపోయింది.

మేము బర్మా నుంచి వచ్చినవాళ్ళం. మా మావ అప్పలస్వామి ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే రంగం, అదే రంగూను పట్నం, వెళ్ళి, అక్కడి నుంచి ఏటి వెంట ఇంకా పైకి పోయి, ఒక రేవు ఊళ్ళో బియ్యం మిల్లుల దగ్గర కూలీల ముఠాకి మేస్త్రీ అయ్యాడు. నేను ఆ ఊళ్ళోనే పుట్టాను, ఆయన కొడుకు సింహాద్రిని ఆ ఊళ్ళోనే చేసుకున్నాను, నా కూతురు రత్నం కూడా అక్కడే పుట్టింది. ఆ దేశంలో సైన్యానికీ కొండల్లోని తిరుగుబాటువాళ్ళకీ ఏళ్ళ తరబడి పోరు. మీరు వాళ్ళకి బియ్యం పంపుతున్నారని వీళ్ళు కొట్టేవారు, మీరు వీళ్ళ బరువులు మోస్తున్నారని వాళ్ళు కొట్టేవారు, మీరు పరాయివాళ్ళు, మీ దేశం పొండని ఇద్దరూ కలిసి తిట్టేవారు! ఎవరి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకోవాలో తెలియని బతుకు సహోదరులారా, పొద్దున్న పనికి వెళ్ళిన మనిషి సాయంత్రం గుమ్మంలో కనబడితేనే ఆ రోజుకి ఊపిరి.

ఒకరోజు పట్టపగలు సైనికులు మా వీధిని చుట్టుముట్టారు. కొండల్లోకి మందుగుండు మోయడానికి వాళ్ళకి మనుషులు కావాలి. నా పెనిమిటి పెరట్లో ఊకబస్తాల వెనక నక్కాడు, నేను పిల్లని ఒళ్ళో అదుముకుని తలుపు సందులోంచి చూస్తున్నాను. సైనికుల పక్కన మా ముఠాలో పనిచేసే గవరయ్య నిలబడి ఉన్నాడు. మా మావ చేతికింద అన్నం తిన్నవాడు, నా పెళ్ళిలో పందిరి వేసినవాడు! వాళ్ళేదో అడిగారు. గవరయ్య చెయ్యెత్తి మా ఇంటివైపు చూపించాడు. అంతే, తలుపు పగిలింది, బస్తాలు పడ్డాయి, నా పెనిమిటిని జుట్టు పట్టి ఈడ్చుకుపోతుంటే, ‘రత్నాన్ని సూసుకోయే’ అని ఒక్క మాట అన్నాడు. ఆ రోజు తీసుకుపోయినవాళ్ళలో ఒక్కరు కూడా తిరిగి రాలేదు.

తరవాత మా మావ దిగులుతో పోయాడు, మమ్మల్ని దేశం వదలమన్నారు, ఓడెక్కాం, విశాఖపట్నం హార్బరులో దిగాం. ముఠాలో మిగిలినవాళ్ళు వేరే ఓడల్లో మద్రాసు వెళ్ళిపోయారు. కంచరపాలెం వైపు మాకు వేసిన క్యాంపులో బర్మాలోని మా రేవు ఊరివాళ్ళు రెండే కుటుంబాలు, ఒకటి నాది, రెండోది ఎవరిదనుకున్నారు? గవరయ్యది! రెండు పాకల అవతల అతని కాపురం. అతను తాకిన కుళాయిని నేను బూడిదేసి తోమి గానీ నీళ్ళు పట్టేదాన్ని కాదు. అతను ఏనాడూ నా ముఖంలోకి చూడలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. హార్బరులో తట్టలు మోసి నా పిల్లని సాకాను, ఆ క్యాంపులోనే సువార్త విన్నాను, యేసయ్య నా కన్నీళ్ళు తుడిచాడు. కానీ సహోదరులారా, ప్రభువు నన్ను పట్టుకున్నాడు గానీ నేను గవరయ్యను వదల్లేదు. ఆదివారం నా గొంతు అందరికంటే పైకి లేచేది, ఇంటికొచ్చి మోకరించి నేను చేసే ప్రార్థన ఏమిటో తెలుసా? ‘దేవా, నాకు నాయం సెయ్యి, ఆడి ఇల్లు కూడా నా ఇల్లులాగే కూలిపోవాల’. పదేళ్ళు ఇదే ప్రార్థన!

డెబ్బైల్లో, ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని ఊరంతా చెప్పుకునే రోజుల్లో, బర్మాలో బాధలుపడి వచ్చిన కుటుంబాలకి సర్కారు ఇళ్ళ స్థలాలు ఇస్తుందని కబురు వచ్చింది. కుటుంబానికి ఒకటే స్థలం, పాకలు మాత్రం తీసేస్తారు. విచారణ ఆఫీసరు క్యాంపులో టెంటు వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచి కాగితాలు చూస్తున్నారు. ఇక్కడ మావాళ్ళ తెలివి ఒకటి చెప్పాలి. బర్మాలో పేర్లు రాసుకునేటప్పుడు తండ్రి పేరేమిటని అడిగితే, ముఠాలో కూలీలందరూ మేస్త్రీ పేరే చెప్పారు. పని ఇప్పించేది మేస్త్రీ, జబ్బు చేస్తే చూసేది మేస్త్రీ, పోలీసులు పట్టుకుంటే విడిపించేది మేస్త్రీ, కన్నతండ్రి ఎక్కడో సముద్రం అవతల ఉంటే ఆయన పేరు అక్కడ ఎవరికి కావాలి? ఆ లెక్కన మా మావకి కాగితాల మీద పాతికమంది కొడుకులు! గవరయ్య కాగితంలోనూ తండ్రి అప్పలస్వామి అనే ఉంది.

అతను ఆఫీసరుకి ఉన్నమాట చెప్పుకున్నాడు, నా తండ్రి ఎర్రయ్యండి, మాది భీమిలి దగ్గర పల్లండి అని. బర్మాలో మీ ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎవరైనా చెబితే రాసుకుంటానని ఆఫీసరు నన్ను పిలిచారు.

“ఇతను నీ భర్త తమ్ముడేనా అమ్మా?”

కాదంటే అతనికో స్థలం వస్తుంది. అవునంటే ఇద్దరం ఒకే కుటుంబం, ఒకే స్థలం, అది మేస్త్రీ కోడలినైన నాకే వస్తుంది, అతను పెళ్ళాం పిల్లలతో రోడ్డు మీద పడతాడు. పదేళ్ళ ప్రార్థనకి జవాబు దొరికిందనుకున్నాను!

“అవునండి బాబూ, మా మరిదేనండి” అన్నాను.

గవరయ్య నా వైపు చూశాడు. కాదని నోరు విప్పవచ్చు, విప్పలేదు, తల దించుకున్నాడు. అది చూసి నాకు సంతోషం కలిగింది సహోదరీలారా, దేవుని సన్నిధిలో అబద్ధమెందుకు చెప్పాలి, కడుపునిండా అన్నం తిన్నట్టుగా అనిపించింది.

వారం తరవాత జాబితా అంటించారు. నాకు చదువు రాదు, రత్నం చదివింది. కుటుంబ పెద్ద గవరయ్య, తండ్రి అప్పలస్వామి. ఆ కింద, అన్న భార్య పైడమ్మ, ఆమె కూతురు. ఇంట్లో మగాడుండగా ఆడదాన్ని పెద్దగా రాయరట! స్థలం మొత్తం గవరయ్య పేరున వచ్చింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారే, అలా పడ్డాను. అంతటితో అయిపోలేదు. నా పిల్ల ఇంకా చూస్తూనే ఉంది, దాని వేలు ఒకచోట ఆగింది.

“అమ్మా, నాన్న పేరు కొట్టీసినారే!”

ఎర్ర సిరాతో గీత. కుటుంబానికి వేరే పెద్ద దొరికాడు గనుక, ఓడ దిగని మనిషి పేరు అక్కర్లేదని కొట్టేశారు. ఆ సాయంత్రమే గవరయ్య పెళ్ళాంచేత కబురు పెట్టాడు, స్థలంలో సగం నీదే, గోడ కూడా నేనే కట్టిస్తాను అని. ఛీ పొమ్మన్నాను. ఏడుస్తూ పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాను, ఆ గవరయ్య నా పెనిమిటిని రెండోసారి చంపాడయ్యా అని గుండెలు బాదుకున్నాను. ఆయన అంతా విన్నారు. విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, ‘అమ్మా, ఈసారి ఆ పేరు కొట్టేయించింది ఎవరు?’ అని. నాకు ఒళ్ళు మండింది. పాస్టరుగారు గనుక ఊరుకున్నాను, ఇంకొకరైతే ఆ రోజు కుళాయి దగ్గరి భాష వినేవారు.

మర్నాడు హార్బరులో మధ్యాహ్నం కూలీలందరూ అన్నాలకి కూర్చుంటే, నాకు ముద్ద దిగలేదు. బొగ్గుకుప్పల వెనక్కి వెళ్ళి, ఆ నల్లటి నేల మీదే మోకరించి, నోరు తెరిస్తే నాకు తెలియకుండానే వేరే ప్రార్థన వచ్చింది. ‘దేవా, ఆడు నా పెనిమిటిని సూపించినాడు. నాను కూడా ఏలెత్తి అబద్ధం సూపించి నా పెనిమిటిని కొట్టేయించినాను. ఆడు బయపడి సేసినాడేమో, నాను తెలిసీ సేసినాను. ఆడికీ నాకూ తేడా ఏటి తండ్రీ? నన్ను సమించు. నా నోటికి నిజం సెప్పే దయిర్నం ఇయ్యి.’ పదేళ్ళలో మొదటిసారి ఆ ప్రార్థనలో నా పాపం గురించి మాట్లాడాను! భయం పోలేదు, గానీ ఏం చెయ్యాలో తెలిసింది.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఒకేఒక్క రోజు ఇచ్చారు. అబద్ధం వాంగ్మూలం ఇచ్చినవాళ్ళ పేర్లు జాబితాలోంచి పూర్తిగా తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు. ‘ఏటే పైడమ్మా, సగం స్తలం ఇత్తానన్నాడు కదా, నోరు మూసుకోయే, పిల్లదున్నాది’ అని పక్కపాక ఆవిడ చెయ్యి పట్టి లాగింది. ఆ చెయ్యి విడిపించుకుని వరసలో నిలబడ్డాను. గవరయ్యా అతని పెళ్ళామూ కూడా టెంటులోనే ఉన్నారు.

“బాబూ, నాను అబద్ధమాడినాను. ఈయన నా మరిది కాదు. ఈయన తండ్రి ఎర్రయ్య, భీమిలి దగ్గర పల్లోడు. మా మావ ముఠాలో పని సేసేవోడు గనక కాయితంలో మా మావ పేరెక్కింది.”

“మరి ఆ రోజెందుకలా చెప్పావు?”

“ఆయనికి ఇల్లు రాకూడదనండి.”

ఆఫీసరు నన్ను గట్టిగా చీవాట్లు పెట్టి, గవరయ్య కాగితం దిద్ది, అతనికి వేరే కుటుంబంగా రాసి వేలిముద్ర వేయించుకున్నారు. తరవాత నా కాగితం తీశారు.

“నీ భర్త ఏమయ్యాడమ్మా?”

“సైన్యం పట్టుకుపోయిందండి.”

“చూసిందెవరు?”

“నానే సూసానండి.”

“నీ మాట ఒకసారి అబద్ధమని నువ్వే చెప్పావు. నువ్వు కాక ఇంకెవరు?”

ఇంకెవరో నాకు తెలుసు. ఆ ఒక్క మనిషి అక్కడే ఉన్నాడు. కానీ నేను అతని వైపు తిరగలేదు, అడగలేదు, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? అతని పని అయిపోయింది, స్థలం వచ్చింది, పెళ్ళాం చొక్కా పట్టుకుని బయటికి లాగుతోంది. ‘ప్రభువా, నా మాట నువ్వే సెప్పు’ అని లోపల అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. ఆఫీసరు నా కాగితం పక్కన పెట్టబోయారు.

“నాను సూసానండి.”

గవరయ్య గొంతు! గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

“ఎంత దూరం నుంచి చూశావు?” అని ఆఫీసరు అడిగారు.

“పక్కనే ఉన్నానండి. ఆ ఇల్లు సూపించింది నానేనండి. ఇల్లు సూపిత్తావా, నువ్వొత్తావా అన్నారండి. బయమేసిపోనాది బాబూ. సూపించీసాను.”

టెంటు బయట అరుపులు లేచాయి. అక్కడున్నవాళ్ళలో మనుషుల్ని పోగొట్టుకోనివాళ్ళు ఎంతమంది? ఒకతను కర్ర పట్టుకుని గవరయ్య మీదికి దూకాడు, నేను అడ్డం వెళ్ళిపోయాను. పదేళ్ళు అతని నాశనం కోరినదాన్ని, ఎందుకు అడ్డం వెళ్ళానో ఆ క్షణంలో నాకే తెలియదు, అది నా బుద్ధి కాదు సహోదరులారా, దేవునికే మహిమ! అల్లరి సద్దుమణిగాక ఆఫీసరు రాసినదంతా పైకి చదివారు. ‘సింహాద్రి, తండ్రి అప్పలస్వామి. పోరు జరుగుతున్న కాలంలో సైన్యం బలవంతంగా తీసుకుపోగా తిరిగి రాలేదు. చూసిన సాక్షి గవరయ్య, తండ్రి ఎర్రయ్య.’ నా పెనిమిటికి జరిగిన అన్యాయాన్ని ఒక సర్కారు అన్యాయమని రాయడం అదే మొదలు. ఇంకోసారి చదవండి బాబూ అన్నాను. ఆ మహారాజు విసుక్కోకుండా ఇంకోసారి చదివారు.

ఆరు నెలలు గుండె గుప్పెట్లో పెట్టుకుని ఎదురుచూశాక పట్టా నా పేరునే వచ్చింది. పెద్దగది ఒకటి, వంటకి గోడకి ఆనించి చిన్న చాపు వేసుకున్నాం. రత్నం పెళ్ళి ఆ ఇంట్లోనే జరిగింది. ఇక గవరయ్యను ఆ రోజే క్షమించేశానని చెబితే వినడానికి బాగుంటుంది గానీ అది నిజం కాదు. చాలాకాలం పట్టింది. కొన్ని రోజులు క్షమించేదాన్ని, కొన్ని రోజులు మళ్ళీ వెనక్కి తీసుకునేదాన్ని. ఒకసారి ఆయన జబ్బుపడి పెద్దాసుపత్రిలో ఉంటే గంజి కాచి పట్టుకెళ్ళాను. ‘నువ్వెందుకొచ్చినావు పైడమ్మా’ అని ఆయన ఏడ్చాడు. ‘నానెక్కడొచ్చినాను, ఎనకనుంచి దేవుడు నెట్టుకొచ్చినాడు, తాగు’ అన్నాను. ఆ తరవాత ఆయన మన మందిరానికి రావడం మొదలుపెట్టారు.

ప్రియులారా, సర్కారు ఇంటిస్థలం ఇవ్వగలదు, కాగితం దిద్దగలదు, అందుకు వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. కానీ నా అబద్ధాన్ని నా నోటితోనే ఒప్పించి, ఇంకొకరి నోట నిజం పలికించింది నా యేసయ్య! మీలో ఎవరికైనా పెద్ద అన్యాయం జరిగి ఉండవచ్చు. న్యాయం అడగండి, మానకండి, ఆఫీసుల చుట్టూ తిరగండి, దేవుడు దానికి అడ్డు చెప్పడు. అయితే ఆ కోపంతో మీరు ఎవరికి అన్యాయం చేస్తున్నారో ఆ సంగతి కూడా ఆయన దగ్గర ఒప్పుకోండి. నన్ను విడిపించినవాడు మిమ్మల్ని విడిపించలేడా? ఈ రోజే ఆయన్ని నమ్ముకోండి.

గవరయ్యగారు ఇప్పుడు వెనక వరసలోనే కూర్చున్నారు. ఆయన్ని అడిగే ఇదంతా చెప్పాను, ఒక్క మాట కూడా తీసెయ్యొద్దన్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి, లేవమని ఆయన్ని అడగకండి. ఆయన ఒకసారి అందరి ముందూ లేచి నిలబడ్డారు, అది చాలు. ఆయన్ని కూర్చోనివ్వండి. ప్రార్థనకి మనం లేద్దాం.