ఖార్టూం వెళ్లాల్సిన నేను అబ్బాసియాలో ఆగిపోయాను

సూడాన్‌లో ఒక పల్లె ఆసుపత్రి. అక్కడికి వచ్చే వైద్య విద్యార్థులకు కాన్పులు చేయడం నేర్పడానికి డాక్టర్లు కావాలంటే నా పేరు ఇచ్చాను. కాకినాడలో ప్రసూతి వైద్యురాలిని. సెలవు పెట్టి 1990 జూలై ఆఖర్లో బయలుదేరాను. బొంబాయి నుంచి కువైట్, అక్కడ విమానం మారితే సూడాన్ రాజధాని ఖార్టూం. కువైట్‌లో ఉన్న తండ్రి దగ్గరికి సెలవులకు వచ్చిన ఆమ్నా అనే సూడాన్ వైద్య విద్యార్థిని నాతో రావాలి. ఆమె కోసం కువైట్‌లోనే అబ్బాసియా అనే పేటలో తెలిసినవాళ్ల ఇంట్లో దిగాను. ఇంతలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. విమానాశ్రయం మూసేశారు.

పొద్దున్నే రొట్టెల కోసం వరసలో నిలబడేవాళ్లం. ఆ తర్వాత మా గదికి వచ్చే జ్వరాలు, దెబ్బలు చూసేవాళ్లం. ఆమ్నా పక్క వీధి నుంచి నడిచొచ్చి అన్నీ అడిగి నేర్చుకునేది.

ఒక మధ్యాహ్నం కువైట్‌లోనే ఇంకో పేట సల్వాలో డ్రైవరుగా పనిచేసే రాయచోటి వెంకటరమణ నిండు చూలాలైన భార్య లక్ష్మీదేవిని కారులో తెచ్చాడు. అరగంట దారికి తనిఖీలతో పూటంతా పట్టిందట.

"కఫీలోళ్లు, అదే నన్ను పనికి పెట్టుకున్నోళ్లు, సౌదీకి పోయినారు మేడమ్. ఆస్పత్రి కాడ మిలిటరీ వాళ్లు లోపలికి పోనీలేదు. మీరే దిక్కు."

నేను పక్కన కూర్చుని చెబుతుంటే ఆమ్నాయే కాన్పు చేసింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. ఆమ్నా నవ్వింది. మాయ కూడా పడింది. రక్తం మాత్రం ఆగలేదు. ఉన్న ఇంజెక్షన్లన్నీ ఇచ్చాను. గర్భసంచిని చేతులతో అదిమి పట్టాం. వెంకటరమణ చొక్కా చెయ్యి పైకి మడిచి, "నా రక్తం తీసుకోండి మేడమ్" అన్నాడు. ఎక్కించడానికి నా దగ్గర సంచీ లేదు, గ్రూపు చూసే మందూ లేదు. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాడు. మళ్లీ వెనక్కి తరిమారు.

ఆ ఆగస్టు ఎండలో లక్ష్మీదేవి, "చలి పెడతాండాది మేడమ్, దుప్పటి కప్పండి" అంది. కప్పాను. అదే ఆమె చివరి మాట.

దహనానికి వీల్లేక, ఊరి చివర ఇసుకలో పూడ్చాం.

"నేనెక్కడ తప్పు చేశాను డాక్టర్?" అని ఆమ్నా ఇంగ్లీషులో అడిగింది.

"ఎక్కడా చేయలేదు."

"మరి ఎందుకు చనిపోయింది?"

ఆమ్నా ఇక వైద్యం చదవనంది.

కొన్ని వారాలకు బస్సులు దొరికాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, గుడారాల్లో నిరీక్షణ, అమ్మాన్ నుంచి విమానం. దారంతా వెంకటరమణ పాలపొడి కలుపుతూ బిడ్డను ఒడిలోంచి దించలేదు. ఆమ్నా తండ్రితో కువైట్‌లోనే ఉండిపోయింది. తర్వాత ఏమైందో తెలియదు.

నేను ఖార్టూం ఎప్పటికీ వెళ్లలేదు. సూడాన్ కోసం దాచుకున్న చదువంతటితో నేర్పగలిగింది ఆ ఒక్క కాన్పు. నేర్చుకున్న పిల్ల దాంతోనే చదువు వద్దనుకుంది. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి మనిషి పోతుందని ఆమెకు ముందే చెప్పి ఉండాల్సింది అంటారు కొందరు. చెబితే మాత్రం ఏం మారేది?

ఇలాంటి సేవకు వెళ్లేవాళ్లు పెట్టె సర్దుకోక ముందే ఒక్కటి కనుక్కోండి: అక్కడ రాత్రయినా పగలయినా రక్తం ఎక్కడ దొరుకుతుంది, ఆ దారి ఎవరి చేతిలో ఉంది?