గుడియాత్తంలో నవ్వే కోడి

మా అక్క మొగుడు గుడియాత్తం బజారులో కొత్తగా గుడ్ల దుకాణం పెడుతున్నాడు. గోడ మీద నవ్వే కోడిని గీసివ్వమని నెలరోజులుగా ఫోన్ మీద ఫోన్. నేను చిత్తూరులో బోర్డులు రాసేవాణ్ణి. పనీ అవుతుంది, అక్క చేతి కూడూ దొరుకుతుందని ఆదివారం పొద్దున ఆరింటికి కుంచెల సంచీతో వేలూరు బస్సెక్కాను.

ఏడున్నరకు వేలూరు. కోట దగ్గర రెండిడ్లీలు, ఒక వడ, కాఫీ. సాంబారు అడక్కుండానే మూడుసార్లు పోశారు. ఇటు వచ్చేవాళ్ళు టిఫిన్ ఇక్కడే కానివ్వండి. ఎనిమిదింటికి గుడియాత్తం మీదుగా పేర్ణాంబట్టు పోయే బస్సు. పక్కసీటామె అక్కడ షూ కంపెనీలో కుట్టుపని చేస్తుందట. నా పనేమిటో, ఏం గీయబోతున్నానో అడిగి తెలుసుకుంది.

"మా షూ డబ్బా మీద కూడా ఆవు నవ్వతా ఉండాదప్పా. తోలు ఇచ్చినందుకేమో!" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

తొమ్మిదిన్నరకు దిగితే బావ స్టాండులోనే కాచుకుని ఉన్నాడు. "ఏం బామ్మర్దీ, నీకంటే ముందు నీ కడుపు దిగినాదే!"

పదకొండుకల్లా గోడ మీద కోడి నిలబడింది. చుట్టూ పచ్చగడ్డి, వెనక కొండ, దాని మీద సూర్యుడు. ముఖమొక్కటే మిగిలింది. మా గురువు నేర్పిన పద్ధతి ఒకటుంది. ప్రాణమున్నది ఏది గీసినా గీసినవాడే కళ్ళు చివర్న పెట్టాలి, పెట్టేముందు ఆ ప్రాణిని ఒకసారి దగ్గరగా చూడాలి. ఇరవై ఏళ్ళుగా నేను మొదటి సగమే పాటిస్తున్నాను. ఆ రోజు బావే, "రా, కోళ్ళ ఫారానికి పోయి గుడ్లు తెద్దాం, మోర్ధానా రోడ్డులో గాలి బాగుంటాది" అని బండెక్కించుకున్నాడు. గాలి నిజంగానే బాగుంది.

షెడ్డు దగ్గర మాత్రం ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. వరసగా తీగల గూళ్ళు, ఒక్కో గూటిలో నాలుగైదు కోళ్ళు. రెక్క చాపే చోటు లేదు. కాళ్ళ కింద కూడా తీగే. మెడల మీద ఈకలు రాలి చర్మం ఎర్రగా కనబడుతోంది. ముక్కుల కొసలు లేవు.

"పొడుచుకోకుండా పిల్లప్పుడే కాల్చి కోస్తారు నాయనా" అంది గుడ్లేరుతున్న సంపూర్ణమ్మ.

"ఎప్పుడూ నేల మీదికి దింపరా?"

"దింపుతారు. గుడ్లు తగ్గినాక, లారీకి ఎక్కించే దినం."

నేను పొద్దున్నుంచీ అంత శ్రద్ధగా గీసిన గడ్డిలో ఒక్క పరకైనా ఈ కోళ్ళు చూడలేదు.

ఒంటిగంటకు అక్క గుడ్డుపులుసు వడ్డించింది. అబద్ధమెందుకు, ఒక గుడ్డు తిన్నాను. రెండోది వదిలేశాను. మళ్ళీ గోడ ముందు నిలబడి, రంగులో ముంచిన కుంచెను తుడిచేశాను.

"నవ్వు పెట్టలేను బావా. కోడిని చెరిపేసి గుడ్ల ట్రే గీస్తాను."

"రేపు దుకాణం తెరవల్ల! నవ్వే కోడి లేకుంటే జనం యాడ నిలబడతారు? నీ కోసరం నెల దినాలు గోడ ఖాళీగా పెట్టినా గదా!"

ఆయన మాటా నిజమే. ఉన్నదంతా ఆ దుకాణంలోనే పెట్టాడు. చెరపనివ్వలేదు, నేను ముఖం గీయలేదు. కోపంగానే ఉన్నాడు గానీ, నాలుగున్నర బస్సుకు స్టాండుదాకా దింపాడు. మా బావ అలాంటి మనిషి.

వేలూరులో చిత్తూరు బస్సుకు కిటికీ పక్క సీటు దొరికింది. టిఫిను, గాలి, అక్క వంట, ఆ షెడ్డొక్కటి తీసేస్తే హాయైన ప్రయాణమే. కానీ ఆ షెడ్డు తీసేయడం నా వల్ల కాలేదు. కాట్పాడి దాటుతుంటే బావ ఫోటో పంపాడు. నవ్వు ఆయనే గీసేశాడు, ఎర్రరంగుతో, మెడదాకా వంకరగా. కళ్ళు మాత్రం ముట్టుకోలేదు. గీసినవాడే పెట్టాలని ఆయనకూ తెలుసు.

పక్కనున్న పెద్దాయన ఫోనులోకి తొంగిచూశాడు. "కోడి బలే నవ్వతా ఉండాదప్పా. కండ్లు యాడ?"

"కండ్లు పెడితే నవ్వదు పెద్దాయనా."

ఆయన తమాషా అనుకుని పకపకా నవ్వాడు.