పైమట్టి చుట్టూ గీయని గీత

ఆ రోజు నేను చేసిన తప్పు పటంలో ఒక గీత గీయకపోవడం. మరచిపోయి కాదు, తెలిసే గీయలేదు.

మా ఆఫీసు ఉస్మాన్‌గంజ్‌లో, ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం పై అంతస్తులో ఉండేది. కింద బస్తాలు దింపినప్పుడల్లా పైన అందరం దగ్గుతూ బొగ్గు గనుల పటాలు గీసేవాళ్లం. ఓపెన్‌కాస్ట్ గని చుట్టూ ఏది ఎక్కడ ఉండాలో, అంటే వర్క్‌షాపు, బొగ్గు యార్డు, డంపర్ల రోడ్డు, తవ్విన రాళ్లు పోసే గుట్ట, అన్నీ కాగితం మీద నిర్ణయించడం మా పని. గని మూతపడ్డాక ఆ నేల మళ్లీ పంటకు ఎలా వస్తుందో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

అందుకు పైమట్టి యార్డు ముఖ్యం. చేలలోని నల్లమట్టిని ముందుగా గీకి, వేరే చోట తక్కువ ఎత్తు కుప్పలుగా దాచాలి. చివరికి గుంత పూడ్చాక దాన్నే పైన పరవాలి. ఆ మట్టి రాళ్ల గుట్ట కింద పడిందంటే ఇక అంతే. అక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏదీ లేవదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకసారి ఒప్పుకున్న పటంలో ఏది మార్చినా, ఆ చోటు చుట్టూ ఎర్రగా వంకులు వంకులుగా గీత గీయాలి. దాన్ని క్లౌడ్ అంటాం. సరిచూసేవాడు పటమంతా మళ్లీ చూడడు. క్లౌడ్ ఉన్న చోట చూసి సంతకం పెడతాడు. మిగతాదంతా గీసినవాడి మీద నమ్మకం.

మా పటాలు సరిచూసేది ఒక సర్వేయరు. కిషన్‌బాగ్ మనిషి. ఏళ్ల తరబడి ఒకరినొకరం భాయ్ అనే పిలుచుకునేవాళ్లం. గోదావరి పక్కన గని రాబోయే ఊళ్లో నేల కొలిచింది ఆయనే. "మీ పైమట్టి ఎక్కడికీ పోదు, నాది జబాన్" అని అక్కడి రైతులకు మాటిచ్చి వచ్చిందీ ఆయనే.

ఆ ఉదయం మా సార్ నా బల్ల దగ్గరికి వచ్చారు. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

"బొగ్గు యార్డు పెద్దగ చెయ్యమంటున్రు. పక్కకున్న పైమట్టి యార్డు తీసెయ్."

"మరి మట్టి ఏడ పెడ్తరు సార్?"

"నెక్స్ట్ రివిజన్ల వేరే జాగ చూపిద్దాం. ఇప్పుడైతే క్లౌడ్ గిట్ల వెయ్యకు. మీ భాయ్ చూసిండంటే నెల రోజులు లొల్లి. నేనున్న కదా, ఫికర్ చెయ్యకు."

వెళ్తూ వెళ్తూ, ఈసారి పటం మీద ప్రధాన ప్లానర్‌గా నా పేరు వేయిస్తానన్నారు. ఆ మాట లేకపోతే నేను ఆ పని చేసేవాణ్నా? చేసేవాణ్నేమో. ఆ మాట విన్నాక మాత్రం నా చెయ్యి ఆగలేదు.

మధ్యాహ్నం భాయ్ దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"బొగ్గు ధూళితోని దగ్గేటోళ్లను మస్తు చూసిన. మిర్చితోని దగ్గే బొగ్గోళ్లు మీరొక్కలే భాయ్."

పటం పరిచాను. డంపర్ల రోడ్డు మలుపు దగ్గర ఒక క్లౌడ్ ఉంది. దాన్ని శ్రద్ధగా చూసి, "ఇదొక్కటేనా?" అని అడిగాడు.

"ఇదొక్కటే," అన్నాను.

"నువ్వు చెప్పినంక ఇంక నేను చూసుడేంది," అని సంతకం పెట్టాడు.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ప్యాంటుకు మోకాళ్ల దాకా నల్లమట్టి. సంచిలోంచి ఎర్రజెండాల కట్ట తీసి నా బల్ల మీద పడేశాడు.

"యార్డు చుట్టు జెండాలు పాతనీకి పోయిన భాయ్. గని ఇంజినీరు పటం తీసి చూపెట్టిండు. యార్డే లేదు. కింద నా సంతకం ఉన్నది. ఉన్న చేనంత ఇచ్చిన పెద్దమనిషి పక్కనే నిలవడ్డడు. 'ఏంది సర్వేయర్ సాబ్, నా మట్టి ఏడ పెడుతున్రు?' అంటుండు. సోమారం మిషన్లు దిగుతున్నయి. నేనేం చెప్పాలె?"

గొంతు విని సార్ గదిలోంచి బయటికి వచ్చారు. నేను ఆశగా ఆయన వైపు చూశాను.

"పటం గీసింది ఇతను. యార్డు తీసింది ఇతనే. నాకు చెప్పనన్న చెప్పలే," అన్నారు సార్, నా వైపు చూడకుండానే.

భాయ్ మెట్లు దిగుతుంటే వెంటపడ్డాను.

"నన్ను ముంచిండు భాయ్. క్లౌడ్ వెయ్యొద్దన్నది ఆయనే."

భాయ్ మిర్చి బస్తాల మధ్య ఆగాడు. "ఆయన నిన్ను ముంచితె నీకు గింత నొప్పి లేస్తున్నదా? నేను ఆయన మొకం చూసి సంతకం పెట్టిననా? ఇదొక్కటేనా అని నిన్ను అడిగిన."

ఇంటికి నడుస్తూ పురానాపూల్ దాకా సార్‌ను తిట్టుకున్నాను. వంతెన మీదికి వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. 'ఇదొక్కటే' అన్న మాట మిగిలింది. దాన్ని నా నోట్లో సార్ పెట్టలేదు.

మర్నాడు ఆఫీసులో ఆ పటం మరో ప్రతి తీసి, పెంచిన బొగ్గు యార్డు చుట్టూ, పైమట్టి యార్డు ఉండాల్సిన చోటు చుట్టూ ఎర్రపెన్నుతో క్లౌడ్ గీశాను. పక్కన రాశాను: 'పైమట్టి యార్డును తీసింది నేను. గుర్తు పెట్టలేదు. సర్వేయరు అడిగితే అబద్ధం చెప్పాను.' కింద సంతకం పెట్టి సార్‌కు చూపించాను.

"ఇది బయటికి పోతే రేపటి సంది నువ్వు రానక్కర్లే."

"రాను సార్," అన్నాను.

కిషన్‌బాగ్‌లో భాయ్ గుమ్మంలోనే నిలబడి అది చదివాడు. లోపలికి రమ్మనలేదు. "నాకెందుకిది? ఆ పెద్దమనిషికి చూపెట్టు," అని చెప్పులేసుకున్నాడు.

రాత్రి బస్సెక్కి పొద్దునకల్లా ఊళ్లో దిగాం. ఆ రైతు ముందు నేను రాసింది నేనే చదివాను. ఆయన ఎర్రగీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. "గింత గీత గియ్యనీకి గింత దూరం వచ్చినవా బాపూ?" అన్నాడు. అక్కడి నుంచి ముగ్గురం గని ఆఫీసుకు వెళ్లాం. ఇంజినీరు కాగితం రెండుసార్లు చదివి, కొత్త పటం వచ్చేదాకా ఆ చేలల్లో మిషన్లు దించబోమని రాసిచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా పాత పటంలోని పైమట్టి యార్డు హద్దుల వెంట జెండాలు పాతాను. "ఎడమకు." "ఇంక కొంచెం." "ఆఁ, గక్కడ." భాయ్ నాతో అన్న మాటలు అవే. అన్నీ పాతడం అయ్యాక ఆయన మొదటి జెండా దగ్గరికి వెళ్లి టేపు తీశాడు. నేను పాతిన ప్రతిదాన్నీ మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి టేపు రెండో కొస పట్టుకున్నాను.