నా చెట్టు, పటేల్ గారి నీడ

ఒక మే నెల శనివారం సాయంత్రం, నేనే తెచ్చి నాటి, నేనే బకెట్లతో నీళ్లు మోసి పెంచిన చెట్టు కొమ్మను నిచ్చెన వేసుకుని మరీ నేనే రంపంతో కోశాను. కారణం చెప్పాలంటే ఇప్పటికీ కాస్త గొంతు సవరించుకోవాల్సి వస్తుంది. దాని నీడ పక్కింట్లో పడుతోందని. ఆ రోజుల్లో మేమంతా అలాగే ఉండేవాళ్లమని సర్దిచెప్పుకోవచ్చు గానీ, అందరూ ఏమీ అలా లేరు, నేనే ఉన్నాను. లింగంపల్లి దాటి నల్లగండ్ల దారిలో అప్పట్లో మనుషుల కంటే బండరాళ్లు ఎక్కువ. అటు మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం గుండ్రటి భవనం ఒకటి పైకి లేస్తుంటే, దానికి ఇటుకలు తామే మోస్తున్నట్టు మాలాంటి కుర్రాళ్లు ఛాతీ విరుచుకుని తిరిగేవాళ్లు. నా ఉద్యోగమేమిటంటే, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టిన వాళ్ల తప్పులు వెతికి దిద్దడం. రెండు వేల సంవత్సరం అనేది ఒకటి వస్తుందని కూడా తోచని ఆ అమాయకులను చూసి జాలిపడటానికి నాకు నెలనెలా జీతం ఇచ్చేవారు.

అలాంటి దూరదృష్టి గలవాడు ఇల్లు కట్టుకుంటే చెట్లు ఊరికే నాటుతాడా? మా ఆవిడ (ఆమెది తణుకు, అక్కడ కాలువ గట్టున గింజ విసిరితే చెట్టవుతుంది) "గుంట తవ్వి ఏదో ఒకటి పెట్టెయ్యండి" అంది. నేను నవ్వాను. నీడను ముందుగా కొలవాలన్నాను. కొలవడానికి తీరిక దొరికింది డిసెంబరు చివర్లో. మా పనంతా అమెరికా వాళ్ల కోసం కాబట్టి, వాళ్లు క్రిస్మస్‌కి తాళాలేసుకుని పోతే మాకూ సెలవులు. ఆ చలిలో స్వెట్టరు వేసుకుని, పెరట్లో వెదురు గడ పాతి, గంటగంటకూ దాని నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీసి, గీతలన్నీ గ్రాఫు కాగితం మీదకు ఎక్కించాను. నీడ పొడుగ్గా ఉత్తరం వైపే పడుతోంది. అంటే ఇంటికి దక్షిణాన చెట్లుంటే ఇల్లంతా నీడ. ఇంత తేలిక విషయం లోకానికి ఇన్నాళ్లూ తట్టనందుకు ఆశ్చర్యపోయాను.

"పడమటి గది పక్కన ఏమీ వద్దా? అక్కడే కదా సాయంత్రం ఎండ" అని మా ఆవిడ అడిగింది.

"లెక్క ప్రకారం అక్కరలేదు" అన్నాను. ఆ వాక్యాన్ని తర్వాత ఆవిడ ఇంట్లో చాలా సందర్భాల్లో వాడింది. పాలు విరిగినప్పుడు కూడా.

దక్షిణపు గోడ పొడుగునా రెండు నిద్రగన్నేరు మొక్కలు పెట్టాను. త్వరగా ఎదుగుతాయి, గొడుగులా విచ్చుకుంటాయి, సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుని పడుకుంటాయి (మా ఆఫీసులో ఈ సౌకర్యం లేదు). ఆ గోడకు అవతల పటేల్ గారు. అసలు పేరు వేరే, ఆ పక్క భూములన్నీ ఒకప్పుడు వాళ్లవి కావడంతో అందరూ అలాగే పిలిచేవారు. మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పుడే గోడ మీద మోచేతులు ఆనించి, "సారు, ఇవి పెద్దగైతే మా గోడ పలుగుతది. జర అవతలికి జరుపున్రి" అన్నారు. నేను గ్రాఫు కాగితం తెచ్చి చూపించాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచిగున్నది. గోడ యాడుంది ఇందుల?" అని అడిగారు. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. ఆయన వైపు వాలిన కొమ్మల గురించి ఆయన సణుగుడు, మా వైపు నుంచి నా మౌనం. ఆ మౌనం చాలా గంభీరంగా ఉందని నా అభిప్రాయం.

మూడో వేసవికి చెట్లు డాబా ఎత్తుకు వచ్చాయి. సరిగ్గా ఆ వేసవి మొదట్లోనే మాకు అమ్మాయి పుట్టింది. పుట్టింటికి రమ్మని మా అత్తగారు ఎంత పిలిచినా, "ఇక్కడే ఉంటానమ్మా, ఆయన మూడేళ్లుగా నీడ పెంచుతున్నారు" అని మా ఆవిడ తల్లినే ఇక్కడికి రప్పించుకుంది. నన్ను నమ్మి అంత పెద్ద మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. అత్తగారు ఒక్క షరతు పెట్టారు. నాతో నేరుగా మాట్లాడటం వాళ్ల ఇంటి పద్ధతి కాదు కనుక, ఒళ్లోని పసిపిల్లకు చెప్పారు. "గది చల్లగా ఉంటే ఉందామే తల్లీ. వేడెక్కిందా, నిన్నూ మీ అమ్మనూ తీసుకుని నేను రైలెక్కేస్తాను. మీ నాన్నగారు తర్వాత ఏమీ అనుకోకూడదు."

మే వచ్చింది. తల్లీపిల్లలు ఉన్న పడమటి గది కుంపటి అయింది. ఫ్యాను తిరిగేది, వేడిని గదిలో అందరికీ సమానంగా పంచడానికి. నేను కంగారుగా పెరట్లోకి వెళ్లి నా నీడ ఏమైందా అని చూశాను. చెట్లున్నాయి. నీడ లేదు. గోడ మీంచి తొంగిచూస్తే ఉంది, చిక్కగా, గుండ్రంగా, పటేల్ గారి వాకిట్లో. దాని నడిమధ్యన మంచం వేసుకుని ఆయన చాయ్ తాగుతున్నారు. నన్ను చూసి ఏ దాపరికమూ లేకుండా, "రాండ్రి సారు, మీ నీడ మా తాన ఉంది" అన్నారు.

ఆ రాత్రి అర్థమైంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. మే నెలలో నడినెత్తికి వచ్చి, ఇంకాస్త ఉత్తరానికి జరుగుతాడు. నీడ దక్షిణానికి పడుతుంది. దక్షిణాన పటేల్ గారున్నారు. సంవత్సరంలో రెండంకెలు మర్చిపోయిన వాళ్లను వెక్కిరించే నేను, సంవత్సరంలో ఎండాకాలాన్నే మర్చిపోయాను.

ఇక్కడితో ఊరుకుని ఉంటే వట్టి తెలివితక్కువవాణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. ఆ శనివారం ఆఫీసు నుంచి పెందరాళే వచ్చాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అందరూ నిద్రపోతున్నారనుకున్నాను. గోడ అవతల నుంచి పటేల్ గారి నవ్వు వినిపించింది. అది నా మీదే అనిపించింది (తర్వాత తెలిసింది, మేక ఏదో చేసిందట). ఇన్నాళ్లూ కొమ్మల గురించి సణిగిన మనిషి ఇప్పుడు వాటి కింద చాయ్ తాగుతాడా? సరే, ఆయన పాత కోరికే తీరుద్దాం. నిచ్చెన వేశాను. అవతలికి వాలిన పెద్ద కొమ్మకు తాడు కట్టి, అది మా వైపే పడేలా బిగించి, రంపం పెట్టాను.

"ఏంది సారు, గీ ఎండల చెట్టెక్కిన్రు?" అని కింద నుంచి పటేల్ గారు అడిగారు.

"మీ గోడ పలుగుతుందన్నారుగా" అన్నాను, చాలా మర్యాదగా.

"అది ఎప్పటి ముచ్చట సారు, ఇడిసిపెట్టున్రి. జర ఆగున్రి, కింద..."

నేను ఆగలేదు. కొమ్మ విరిగి మా పెరట్లోకి జారింది. దాంతోపాటు ఆకుల తెర కూడా తొలగి, అవతల ఏముందో మొదటిసారి పూర్తిగా కనిపించింది. పటేల్ గారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మంచం మీద మా అత్తగారు, మా ఆవిడ. ఇద్దరి మధ్య, నాలుగు గంటల ఎండ సూటిగా మొహాన పడి, కళ్లు చికిలించి ఏడుపు అందుకుంటున్న మా అమ్మాయి.

వారం రోజులుగా మధ్యాహ్నాలు వాళ్లు అక్కడే ఉంటున్నారట. పటేల్ గారి భార్యే వచ్చి పిలిచిందట. నేను చిన్నబుచ్చుకుంటానని నాకు చెప్పలేదట. ఈ నీడ ఉంటే ఇంకో నెల గడపొచ్చులెమ్మని అత్తగారు కూడా మెత్తబడ్డారట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం మా ఆవిడ పిల్ల మొహానికి కొంగు అడ్డం పెట్టి, తలెత్తి, మామూలు గొంతుతో అంది. "ఆ రెండో కొమ్మ కూడా కొట్టెయ్యండి. పాదాల మీద ఇంకా కాస్త నీడ మిగిలింది."

నేను నిచ్చెన దిగి, ఇంట్లోంచి నల్లగొడుగు తెచ్చి, వీధి చుట్టూ తిరిగి వెళ్లి, ఎండ తగ్గేదాకా మంచం పక్కన పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ వద్దనలేదు. పటేల్ గారు మాత్రం మధ్యలో ఒకసారి, "జర పడమరకు వంచున్రి సారు, లెక్క తప్పుతున్నది" అన్నారు. ఆయన భార్య నాకూ ఒక చాయ్ ఇచ్చింది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చాయ్. అంత చేదు చాయ్ నేను మళ్లీ తాగలేదు, చక్కెర బాగానే వేసింది పాపం.

అత్తగారు లేస్తూ, పిల్లతో కాదు, కూతురితో కాదు, మొదటిసారి నాతోనే నేరుగా మాట్లాడారు. "రేపు మమ్మల్ని స్టేషన్లో దింపండి అల్లుడుగారూ."

దింపాను. రైలు కదిలేటప్పుడు మా ఆవిడ కిటికీలోంచి, "నీళ్లు తాగుతూ ఉండండి, ఇల్లు వేడిగా ఉంటుంది" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

స్టేషన్ నుంచి తిన్నగా పటేల్ గారింటికి వెళ్లి, మీ నీడ కొట్టేశాను, తప్పయింది అన్నాను. "మాదెక్కడిది సారు, మీదే గద" అన్నారాయన, నవ్వకుండా. ఆ తర్వాత ఇద్దరం కలిసి గోడ మధ్యలో కొంత పగలగొట్టి చిన్న గేటు పెట్టించాం. ఇటుకలు ఊడదీస్తూ ఆయన, "గీ గోడ కోసమేనా మనం మూడేండ్లు కొట్లాడింది" అన్నారు. తొలకరి పడగానే పడమటి గది పక్కన కానుగ మొక్క నాటాను. ఈసారి గ్రాఫు గీయలేదు. మే నెల మిగతా రోజులన్నీ ఆ గదిలో ఒంటరిగా పడుకున్నాను కదా, ఎండ ఎక్కడ్నుంచి వస్తుందో వీపుకు తెలిసింది. శ్రావణంలో మా వాళ్లు తిరిగొచ్చేసరికి దానికి కొత్త ఆకులొచ్చాయి. మా ఆవిడ దాన్ని చూసి, "లెక్క ప్రకారమేనా?" అంది. కాదన్నాను. "అయితే బతుకుతుంది" అంది.

బతికింది. పడమటి గది ఇప్పుడు మే నెలలో కూడా మధ్యాహ్నం నిద్రకు పనికొస్తుంది. మా అమ్మాయి మాదాపూర్ అద్దాల మేడల్లో ఒకదానిలో ఉద్యోగం చేస్తూ, సెలవురోజున అక్కడ పడుకుని కానుగాకు చెత్త గురించి నాకు ఉపన్యాసాలిస్తుంది. నేను వింటూ ఊడుస్తాను. నిద్రగన్నేరుకు కోసిన చోట బుడిపె ఒకటి మిగిలింది, దాని పక్కనుంచి వేరే కొమ్మ వచ్చి మళ్లీ అటువైపే వాలింది. వేసవిలో సాయంత్రం నాలుగైతే నేను కుర్చీ ఒకటి పట్టుకుని, గేటు దాటి పటేల్ గారి వాకిట్లోకి వెళ్లి, నేను పెంచిన నీడలో అతిథిలా కూర్చుంటాను. చాయ్ వస్తుంది. అప్పుడప్పుడు పైకి చూస్తే, ఆ డిసెంబరు స్వెట్టరు విప్పకుండానే రంపం పట్టుకున్న కుర్రాడొకడు ఆ కొమ్మల్లో కనిపిస్తాడు. దిగి రారా, నీకూ చోటుంది అంటాను.